ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ

మనిషి ఆరోగ్యానికి పూచీ ఎవరిది అన్న ప్రశ్నకు తెలుగునాట రెండు జవాబులు చలామణిలో ఉన్నాయి. ‘రాసిపెట్టి ఉన్నది తప్పదు, వస్తే చూడడానికి డాక్టరు ఉన్నాడు’ అనేది పాత జవాబు కాగా, ‘అంతా నీ చేతుల్లోనే ఉంది’ అనేది ఈ పదిపదిహేనేళ్లుగా ప్రకటనల్లోనూ వీడియోల్లోనూ జోరుగా వినిపిస్తున్న కొత్త జవాబు. మొదటిది మనిషిని తన ఒంటి విషయంలోనే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా మారుస్తుంది. రెండోది జబ్బు పడినవాణ్ణి బోనెక్కిస్తుంది. ఈ రెండు జవాబుల్లో ఏది ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవడానికి హైదరాబాదులో వారాసిగూడకూ తార్నాకకూ మధ్య ఉన్న కొద్దిపాటి నేలను పరిశీలిస్తే చాలు. అక్కడ సికింద్రాబాదు నుంచి కాచిగూడకు పోయే రైలు పట్టాలకు ఒక పక్క వారాసిగూడ ఇరుకు గల్లీలు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, కిరాణా కొట్లు, టిఫిను బండ్లు ఉండగా, మరో పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్లూ విశాలమైన దారులూ ఉన్నాయి. ఆ ప్రాంగణాన్ని ఆనుకునే, తార్నాక వైపు, భారతీయులు ఏమి తింటున్నారు, ఏమి తినాలి అని లెక్కగట్టే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. దేశం మొత్తానికి భోజనం కొలతలు నిర్ణయించే చోటు వారాసిగూడవాసికి నడిచి వెళ్లగల దూరంలో ఉండడం వల్ల, ఆరోగ్యంలో స్వీయ బాధ్యత అనే విషయాన్ని ఆ గల్లీల నుంచే చర్చించడం సముచితం.

స్వీయ బాధ్యత అనే మాట కొత్తది కావచ్చు గాని భావం కొత్తది కాదు. ఆయుర్వేదంలో రోగికి చేసే చికిత్సతో పాటు, ఆరోగ్యంగా ఉన్నవాడు ఆరోగ్యంగానే కొనసాగడానికి పాటించవలసిన నడవడిని వేరుగా చెప్పి, దానికి ‘స్వస్థవృత్తం’ అని పేరు పెట్టారు. రోజువారీ అలవాట్లు దినచర్యగా, కాలాన్నిబట్టి మారవలసినవి ఋతుచర్యగా అందులో భాగాలయ్యాయి. చరకసంహిత మరో అడుగు ముందుకు వేసి, చాలా రోగాలకు మూలంగా ‘ప్రజ్ఞాపరాధం’ అనే కారణాన్ని చూపింది. మంచిచెడులు విడదీసే బుద్ధి, మనసును ఆపగల నిగ్రహం, అనుభవాన్ని గుర్తుంచుకునే స్మృతి, ఈ మూడింటిలో ఏది తప్పినా మనిషి తనకు చెరుపు చేసే పనికి పూనుకుంటాడని దాని అర్థం. తెలిసి తెలిసీ చేసే తప్పు అని వాడుకలో చెప్పుకోవచ్చు. ఆ మాట లోతైనదే అయినా, తెలియక జరిగే తప్పుకూ, తెలిసినా తప్పించుకోలేని స్థితికీ అది జవాబు చెప్పదు. జాతీయ పోషకాహార సంస్థ తొలి యాభై ఏళ్ల చరిత్రలో ఎక్కువ భాగం ఈ రెండు కోవలకు చెందిన రోగాల చరిత్రే.

ఆ సంస్థ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక గదిలో, బెరిబెరి వ్యాధి పరిశోధనా విభాగంగా పుట్టింది. దాన్ని ప్రారంభించినవాడు రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు. బెరిబెరి అంటే థయమిన్ అనే బి1 విటమిన్ లోపం వల్ల కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందరిలో ఒళ్లు నీరు పట్టి, చివరకు గుండె ఆగిపోయే వ్యాధి. ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో అన్ని చోట్లా ఒకే తీరుగా లేదు. ఉత్తర సర్కారులని పిలిచిన కోస్తా తెలుగు జిల్లాల్లో పాతుకుపోయి ఉంది. తమిళ జిల్లాల్లో చాలామంది ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి, తరువాత ఎంత మరపట్టినా కొంత మిగిలేది. కోస్తా తెలుగువారు తిన్నది పచ్చి బియ్యం. ఇంట్లో రోకలితో దంచుకున్నంత కాలం తవుడు పూర్తిగా పోక గింజకు అంటిపెట్టుకుని ఉండేది గాని, మిల్లులు వచ్చి బియ్యాన్ని మల్లెపూవులా తెల్లగా చేసి ఇవ్వడంతో విటమిన్ తవుడుతో పాటు పశువుల తొట్టిలోకి చేరింది. మిగిలిన కాస్తా మూడు నాలుగు సార్లు కడిగిన కడుగునీళ్లలోనూ, వార్చిన గంజిలోనూ పోయింది.

ఈ కథలో దోషి ఎవరో చెప్పడం అంత తేలిక కాదు. దంపుడు పని ఆడవారి భుజాలను విరిచే పని. మిల్లు దాన్ని తప్పించింది. తెల్లని అన్నం కలిగినవారి విస్తరిలో మొదట కనిపించి, తరువాత అందరి ఆశగా మారింది. ఆ తెలుపులో రోగం దాగి ఉందని చెప్పే శాస్త్రం అప్పటికి ప్రయోగశాల గదిని దాటి బయటికి రాలేదు. కనుక ఆ రోజు శ్రీకాకుళంలోనో గుంటూరులోనో బెరిబెరితో మంచం పట్టిన మనిషిని ‘నీ ఆరోగ్యం నీ బాధ్యత’ అని మందలించడం అన్యాయమే అయ్యేది. తెలిసే అవకాశం లేని చోట బాధ్యత పుట్టదన్నది ఈ చరిత్ర చెప్పే మొదటి విషయం. అదే తెల్లన్నం నూరేళ్ల తరువాత మరో రూపంలో మళ్లీ ఈ చర్చలోకి వస్తుంది.

కూనూరు ప్రయోగశాల 1928 నాటికి పూర్తిస్థాయి పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో స్వర్ణోత్సవ సమయంలో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు తెచ్చుకుంది. హైదరాబాదుకు వచ్చిన కొద్ది కాలానికే దాని ముందుకు వచ్చిన సమస్య పెల్లగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. ప్రపంచంలో తక్కిన చోట్ల అది మొక్కజొన్న ప్రధానంగా తినేవారికి వచ్చే జబ్బుగా పేరు పడగా, దక్కనులో జొన్నరొట్టె, జొన్నగటక మీద బతికే పేదలకు అది వచ్చేది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం, అంటే మాంసకృత్తులు కట్టడానికి పనికొచ్చే ఒక ఇటుక లాంటి పదార్థం, అవసరానికి మించి ఉండడం ఇందుకు కారణం కావచ్చునని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యలు 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తరువాత చర్చ చాలా జరిగింది గాని, పళ్లెంలో జొన్న ఒక్కటే ఉండి పప్పు, పాలు, మాంసం లేకపోవడమే అసలు జబ్బు అన్న విషయంలో వివాదానికి తావు లేదు. జొన్న మంచిదా చెడ్డదా అని నేడు వాదించుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది: జొన్నతో పాటు పప్పూ కూరా పెరుగూ ఉన్నవాడికి అది ఆరోగ్యం, జొన్న తప్ప మరేమీ లేనివాడికి అదే రోగం.

తెలిసినా తప్పించుకోలేని స్థితికి నల్లగొండ ఫ్లోరోసిస్ మరింత స్పష్టమైన ఉదాహరణ. భూగర్భంలోని రాళ్ల నుంచి బావినీటిలోకి చేరిన ఫ్లోరైడు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటితే, పళ్లను గారపట్టించి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలను బిగదీస్తుంది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదాన్నొకటి రాసుకునే వైకల్యాన్ని 1970ల మొదట్లో నల్లగొండ ప్రాంతంలో గుర్తించి లోకానికి చెప్పినది ఈ తార్నాక శాస్త్రవేత్తలే. చింతపండు తీసుకున్నప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడు బయటికి పోవడం పెరుగుతుందని కూడా అదే సంస్థ పరిశోధన 2002లో తెలిపింది. అయినా తెలుగువారి చారుకు ఎంత పట్టం కట్టినా, ఆ ఊళ్లకు అసలు చికిత్స పైపుల్లో వచ్చిన నది నీరే. ఒక మనిషి ఎంత క్రమశిక్షణతో జీవించినా తన ఊరి బోరునీటిని మార్చుకోలేడు. పోషకాహార స్థాయిని, ప్రజారోగ్యాన్ని పెంచడం రాజ్యానికి ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణ చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

ఇతర దేశాల్లోనూ ఈ తర్కం ఇదే దారిలో నడిచింది. కెనడా ఆరోగ్యమంత్రి మార్క్ లలోండ్ పేరు మీద 1974లో వెలువడిన నివేదిక, ఆరోగ్యాన్ని నిర్ణయించేవి నాలుగు అంశాలని, వాటిలో వైద్య వ్యవస్థ ఒకటి మాత్రమేనని, పుట్టుకతో వచ్చిన శరీర తత్వం, పరిసరాలు, జీవనశైలి తక్కిన మూడు అని చెప్పింది. జీవనశైలి అన్న మాట ఆరోగ్య విధానాల్లో స్థిరపడడానికి ఆ నివేదిక బాట వేసింది. ఆ తరువాత మూడేళ్లకు, 1977లో, రాబర్ట్ క్రాఫోర్డ్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఈ మాట చివరకు బాధితుణ్ణే నిందించే సాధనంగా మారుతోందని హెచ్చరించాడు. ఆల్మా ఆటాలో 1978లో జరిగిన అంతర్జాతీయ సమావేశం, తమ ఆరోగ్య సంరక్షణలో పాల్గొనడం ప్రజలకు హక్కు కూడా, విధి కూడా అని రెంటినీ ఒకే వాక్యంలో చేర్చింది. హక్కు అన్న మాటను విధి అన్న మాటకు ముందు పెట్టిన ఆ వరుస సరైనదే.

అయితే ఇప్పుడు రోగాల తీరు మారింది. భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో దేశమంతటా జరిగి, 2023లో ఫలితాలు వెలువడిన మధుమేహ సర్వే ప్రకారం, దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు, షుగరు గుమ్మంలో నిలబడి ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. పెద్దవారిలో 35 శాతానికి పైగా రక్తపోటు ఉంది. బెరిబెరి కాళ్లలో కనిపించేది, పెల్లగ్రా చర్మం మీద కనిపించేది, ఫ్లోరోసిస్ పళ్ల మీద కనిపించేది. రక్తపోటు, మధుమేహం ఏళ్ల తరబడి ఎక్కడా కనిపించవు. అందుకే వీటి విషయంలో మనిషి పాత్ర పెరిగింది: కనిపించని దాన్ని కొలిచి చూసుకోవడం అతనివల్లనో అతని ఇంటివారివల్లనో తప్ప జరగదు. బెరిబెరి రోజుల్లో ప్రయోగశాల గదిలో ఉండిపోయిన జ్ఞానం ఇప్పుడు అందరికీ చేరువైంది కాబట్టి, ఇవాళ్టి బాధ్యతకు అర్థం లెక్క. ఏమి తింటున్నదీ, ఎంత నడుస్తున్నదీ, ఒంట్లో ఏ అంకె ఎంత ఉన్నదీ తెలిసి ఉండడం అందులో మొదటి మెట్టు.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 17 సూత్రాలున్నాయి. దేశంలో మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతం అనారోగ్యకరమైన ఆహారం వల్లనేనని అందులో అంచనా కట్టారు. రోజుకు 2,000 కిలోకేలరీల శక్తి అవసరమైన మనిషికి ఒక రోజు పళ్లెం ఎలా ఉండాలో కూడా గ్రాముల్లో చెప్పారు: బియ్యం, గోధుమ, జొన్న, రాగి అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100, గింజలు 35, నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు. వినేవారికి ఇన్ని అంకెలు ఒకేసారి గుర్తుండవు. వీటిలో ఒక్క పోలిక గుర్తున్నా సరిపోతుంది. గింజధాన్యం కన్నా కూరగాయల బరువు ఎక్కువ ఉండాలి. సగటు తెలుగు కంచంలో లెక్క సరిగ్గా తలకిందులు: గుట్టగా అన్నం, దాని నడుమ చేసిన గుంటలో పప్పో పులుసో, పక్కన నంజుకోవడానికి చెంచాడు కూర. అన్నంలోకి కూర అనే మాటే ఏది ప్రధానమో చెబుతుంది.

ఈ లెక్క ఇంట్లో ఎలా వేయాలో చూడడానికి ఉప్పు కన్నా తగిన వస్తువు లేదు. మనిషికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, తార్నాక సంస్థా చెబుతున్నాయి. అది టీ చెంచాతో తలకొట్టి కొలిస్తే ఒక చెంచా. భారతీయులు సగటున రోజుకు 8 గ్రాములు తింటున్నట్టు జాతీయ సర్వే ఫలితాలు 2023లో తెలిపాయి. ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, దాంతో నాళాల్లో పారే రక్తం పరిమాణం పెరుగుతుంది, ఆ ఒత్తిడిని గుండె, మూత్రపిండాలు, మెదడులోని సన్నని నాళాలు రాత్రింబవళ్లు భరించవలసి వస్తుంది. ఇదంతా తెలిసినా, తాను రోజుకు ఎన్ని గ్రాములు తింటున్నదీ ఎవరూ నోటితో రుచి చూసి చెప్పలేరు. కిలో ఉప్పు ప్యాకెట్టు మాత్రం చెబుతుంది. నలుగురున్న ఇంట్లో తలకు 5 గ్రాముల చొప్పున రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. 25 రోజులకే అయిపోయిందంటే ఆ ఇంటి మనుషులు హద్దుకు రెండింతలు తింటున్నారన్నమాట. వంకాయ ముక్కలను ఉప్పునీళ్లలో వేసిన వృథా, వచ్చిపోయే చుట్టాలు, చిన్నపిల్లల తక్కువ వాటా ఇవన్నీ సర్దుకున్నా లెక్కలో పెద్ద తేడా రాదు.

ఈ లెక్కకు ఒక పెద్ద చిల్లు మాత్రం ఉంది, అది ఊరగాయ జాడీ. వేసవిలో పెట్టే ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమాన కొలతల్లో పడతాయి. ఉప్పు తగ్గిస్తే ఊరగాయ బూజు పడుతుంది కనుక అక్కడ సంస్కరణలకు చోటు లేదు, వేసుకునే ముక్క చిన్నది చేసుకోవడమే దారి. పెరుగన్నంలో చిటికెడు ఉప్పు కలిపి, పక్కన ఆవకాయ ముక్క పెట్టుకుని, పైన ఊర మిరపకాయ కొరుక్కునే అలవాటులో ఒకే ముద్దకు మూడు ఉప్పులు చేరతాయి. వాటిలో మొదటిదాన్ని, అంటే పెరుగులో కలిపేదాన్ని, మానేస్తే రుచికి వచ్చే లోటు కొన్ని వారాల్లో నాలుకకు గుర్తే ఉండదు. టిఫిను బండి మీది చట్నీ, మిర్చి బజ్జీ, బేకరీ పఫ్ఫు, అప్పడం ఇంటి ప్యాకెట్టు లెక్కలోకి రావు కాబట్టి, బయటి తిండి అలవాటున్న ఇంట్లో ప్యాకెట్టు 50 రోజులకు బదులు 60 రోజులు వస్తేనే నిశ్చింత.

చక్కెర సంగతి తార్నాక కూడలిలో నిలబడి చూస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఉత్తమ హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు. రెండేసి చెంచాల చక్కెరతో మూడు కప్పుల ఇరానీ చాయ్ తాగేసరికి ఆ హద్దు ఇంచుమించు దాటిపోతుంది, ఇంకా ఉస్మానియా బిస్కెట్టు లెక్కలోకి రానేలేదు. విశ్వవిద్యాలయానికి పెట్టిన నిజాము పేరే ఆ బిస్కెట్టుకూ పెట్టుకుని హైదరాబాదు ఒక చేత్తో చదువునూ మరో చేత్తో మైదానూ పంచుతోందనుకోవచ్చు. భోజనానికి ముందూ వెనకా గంటసేపు టీ తాగవద్దన్న సలహాను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు: టీలోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

మళ్లీ తెల్లన్నం దగ్గరికి వస్తే, తెలంగాణ ప్రభుత్వం 2025 ఉగాది నుంచి రేషను కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. 6 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. తార్నాక పళ్లెంలోని 250 గ్రాముల ధాన్యంలో అయిదింట నాలుగు వంతులు దీంతోనే నిండిపోతాయి. ఆకలి తీర్చే విషయంలో ఇది గొప్ప మేలు. అయితే పళ్లెంలో మిగతా భాగం, 400 గ్రాముల కూరగాయలూ 85 గ్రాముల పప్పూ, బజారులో కొనుక్కోవలసిందే. నలుగురున్న ఇంటికి రోజుకు 1,600 గ్రాముల కూరగాయలు కావాలి. రోజుకూలీ మీదనో చిన్న జీతం మీదనో నడిచే వారాసిగూడ ఇంట్లో ఆ ఖర్చు తేలికైనది కాదు. బియ్యం ఉచితంగానూ కూర ఖరీదుగానూ ఉన్న చోట కంచంలో అన్నం గుట్ట పెరగడాన్ని బుద్ధిలోపంగా లెక్కగట్టడం పొరపాటు. ఇక్కడ చరకుడి ప్రజ్ఞాపరాధం కన్నా ధరల పట్టికే ఎక్కువ వివరిస్తుంది. ఉన్నంతలో చేయదగిన మార్పు ఒకటుంది: రైస్ కుక్కరుతో వచ్చే కొలత గ్లాసులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, పూటకు ఒక గ్లాసు తగ్గించి, ఆ పూట పప్పులో ఒక కట్ట తోటకూరో పాలకూరో ఎక్కువ వేస్తే కంచం స్వరూపం మారడం మొదలవుతుంది. ఆకుకూర నేటికీ కూరగాయల బండి మీద అందరికీ అందుబాటులో ఉన్న సరుకే.

నడక విషయంలో ఈ ప్రాంతానికి ఉన్న వసతి నగరంలో చాలా చోట్ల లేదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త ఊపిరి వేగం పెరిగే చురుకుతో నడవాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన కొలత. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే అది పూర్తవుతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదీ వేగానికి గుర్తు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతి భవనం ఎదుటి దారుల్లో తెల్లవారుజామున నడిచేవారిని చూస్తే నగరం మారుతోందనిపిస్తుంది. అయితే ఆ గుంపులో పింఛనుదారులూ ఉద్యోగులూ ఎంతమంది ఉన్నారో, అదే వేళకు నల్లా నీళ్లు పట్టుకుని, పిల్లల డబ్బాలు సర్ది, నాలుగిళ్లలో పాచిపనికి బయలుదేరే స్త్రీలు ఎంత తక్కువమంది ఉన్నారో కూడా గమనించాలి. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసే ఆమెకు నడక గురించి ఉపదేశం అనవసరం. ఆమెకు కావలసింది పప్పు, నిద్ర, ఏడాదికొకసారైనా రక్తపరీక్ష. స్వీయ బాధ్యత అనే మాట మనిషి మనిషికీ అర్థం మారుతుందని మరచినప్పుడే అది ఉపన్యాసంగా దిగజారుతుంది.

ఇక కొలతలు. నడుము చుట్టుకొలత, బొడ్డు దగ్గర దర్జీ టేపుతో కొలిస్తే, మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కడుపు చుట్టూ చేరే కొవ్వు భారతీయులను తక్కువ బరువులోనే మధుమేహానికి దగ్గర చేస్తుంది కనుక ఈ హద్దులు పాశ్చాత్యుల హద్దుల కన్నా తక్కువ. రక్తపోటు 140, 90 అంకెలకు చేరిందా లేదా, పరగడుపు షుగరు 100 లోపు ఉందా, 126 తాకిందా అన్నది ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ తమ ఫోను నంబరులా తెలిసి ఉండాలి. రక్తపోటు చూపించుకునే ముందు అరగంట టీ, సిగరెట్టు మాని, అయిదు నిమిషాలు వెన్ను ఆనించి ఊరక కూర్చుని, చేతిని గుండె ఎత్తున పెట్టుకోవాలి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో చూపించుకున్న అంకెకు విలువ లేదు. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో ఈ పరీక్షలూ, అవసరమైతే మాత్రలూ ఉచితం.

అయినా ఒక మొండి అలవాటు బస్తీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ తేడా లేకుండా ఉంది. మాత్ర వేసుకుంటున్నందువల్ల బీపీ అదుపులోకి రాగానే, బీపీ తగ్గిపోయిందని మాత్ర మానేస్తారు. గొడుగు పట్టుకున్నందువల్ల తడవనివాడు వాన వెలిసిందనుకుని గొడుగు మూసినట్టే ఇది. మాత్ర మొదలుపెడితే జీవితాంతం వాడాలన్న భయంతో అసలు మొదలే పెట్టనివారు మరికొందరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచడం పేద కుటుంబాలకు కొండంత అండ. కాని ఆ పథకం కార్డు ఆసుపత్రి గుమ్మం దగ్గర పనిచేస్తుంది. గుండెకు స్టెంటు వేసే రోజుకు ముందు పదిహేనేళ్లు, మూత్రపిండాలు డయాలిసిస్‌కు చేరే రోజుకు ముందు ఇరవై ఏళ్లు, ఆ జబ్బు మనిషి కంచంలోనూ మాత్రల డబ్బాలోనూ ఉంటుంది. అక్కడ ఏ కార్డూ చెల్లదు.

మనసు సంగతి చెప్పకుండా ఈ ప్రాంతం గురించి మాట్లాడడం సగం మాటే అవుతుంది. శారీరక, మానసిక, సామాజిక క్షేమం మూడూ కలిస్తేనే ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే నిర్వచించింది. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల అద్దె గదుల్లో పోటీ పరీక్షల నోటిఫికేషను కోసం, వచ్చిన తరువాత ఫలితం కోసం, ఫలితం వచ్చిన తరువాత కోర్టు తీర్పు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే యువతీయువకులకు నిద్ర చెడడం, ఆకలి చావడం, ఇంటి ఫోను ఎత్తలేకపోవడం జబ్బుకు తొలి గుర్తులని ఎవరూ చెప్పరు. అది బద్ధకమనీ, ‘మనసు గట్టి చేసుకోవాలి’ అనీ మాత్రం చెబుతారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళప్పుడైనా, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. సాయం అడగడాన్ని బలహీనతగా చూసే సమాజంలో, అడగడమే స్వీయ బాధ్యతలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

వారాసిగూడ గల్లీలకు కాలిబాట లేకపోవడం, కూరగాయల ధర, మందుల కొరత వంటివి పాలకులను నిలదీయవలసిన విషయాలు, నిలదీయడం కూడా బాధ్యతే. ఆ పని సాగుతుండగా ఎవరి అనుమతీ అక్కరలేని పని ఒకటుంది. శ్రోతలకు మనవి ఏమిటంటే, ఈసారి ఇంట్లో కొత్త ఉప్పు ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు దాని మీద పెన్నుతో ఆ రోజు తేదీ వేసి, అయిపోయిన రోజున ఇంట్లో మనుషుల సంఖ్యతో లెక్క చూసుకోవలసింది.